డెన్వర్ అరుగు, ఓక్లహోమా అరుగు

ఒకే బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నా మా బావ ఫోన్‌లో బంతి బుట్టలో ముందు పడేది, మా ఆయన ఫోన్‌లో కాస్త ఆగి పడేది. ఇద్దరి సిమ్‌లు వేరు. సిగ్నల్ మా అరుగు కంటే వాళ్ళ అరుగు మీదికి తొందరగా వచ్చేది. ఇక్కడ మా ఆయన ఊపిరి బిగబట్టి చూస్తుండగానే అటు నుంచి "అబ్బ!" అని వినిపించేది. అంటే బంతి పడిందన్నమాట. తొడ మీద చరుచుకున్న చప్పుడు వస్తే పడలేదన్నమాట.

"మ్యాచ్ గూడ సూడనిస్తలేరు," అని మా ఆయన నాతో అనేవాడు, అటువైపు వినపడేంత గట్టిగా.

అన్నదమ్ములిద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు.

బోధన్ నుంచి సాలూర పోయే రోడ్డు పక్కన ఉంటుంది మా ఇల్లు. నడుమ గోడ పెట్టి రెండు చేసుకున్నారు గానీ, ముందరి వాకిలి, వెనక కల్లం, పొలంలో బోరు, మా అత్త గంగుబాయి, ఈ నాలుగూ పంచుకోవడానికి కుదరలేదు. అత్త పగటిపూట మా ఇంట్లో తినేది, రాత్రి వాళ్ళింట్లో. మూడేళ్ల కిందట ఒక యాసంగి పంటప్పుడు బోరు నీళ్ల వంతు దగ్గర మాట మాట పెరిగింది. "నువ్వు లేకున్నా నా పొలం పారుతది," అన్నాడు మా ఆయన భానుప్రసాద్. "అయితే పారిచ్చుకో," అన్నాడు బావ రాజేశ్వర్. అంతే. పంచాయతీ లేదు, చెయ్యి చేసుకోవడం లేదు. మర్నాటి నుంచి ఒకరు వాకిట్లోకి వస్తే ఇంకొకరు లోపలికి పోయేవారు.

నేనూ మా తోటికోడలు పుష్పలతక్కా ఎప్పటిలాగే ఉన్నాం. కూర గిన్నెలు గోడ మీంచి అటూ ఇటూ తిరిగేవి. మగవాళ్ళకు ఆ సంగతి తెలుసు. ఎదుటింటి కూర తింటున్నామని తెలిసీ తెలియనట్టు తినేవాళ్ళు.

ఇద్దరికీ బాస్కెట్‌బాల్ పిచ్చి పట్టించింది శివకుమార్ సార్. బోధన్‌లో కాలేజీ చదివే రోజుల్లో ఆయన వీళ్ళకు పీటీ సారు. బావ ఆరడుగుల మనిషి కాబట్టి బోర్డు కింద నిలబెట్టాడు. మా ఆయన పొట్టి, చురుకు. బంతి చేతికిచ్చి ఉరకమన్నాడు. అన్న బంతి అందుకుని పాస్ ఇస్తే తమ్ముడు బుట్టలో వేసేవాడట. జిల్లా అంతా ఆడి వచ్చారు. తర్వాత పొలాలు, పెళ్ళిళ్ళు. ఆట పోయింది గానీ పిచ్చి మిగిలింది. సార్ రిటైరయ్యాక ఆ పాత ఆటగాళ్ళందరినీ కలిపి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. అమెరికా లీగు మ్యాచ్‌లు మనకు పొద్దున్నే వస్తాయి కాబట్టి పాలు పిండే వేళకే గ్రూపులో లొల్లి మొదలయ్యేది.

మా ఇంటి అన్నదమ్ములు అక్కడ మాత్రం మాట్లాడుకునేవారు. పేర్లు పెట్టి కాదు. "కొందరికి పాయింట్లు తప్ప ఆట కనపడది," అని బావ రాసేవాడు. వెంటనే మా ఆయన, "కొందరు పాత కప్పులు తుడుసుకుంట కూసుంటరు," అని రాసేవాడు. ఒకరి ఫోన్ టింగుమంటే గోడ అవతల ఇంకొకరి ఫోన్ టింగుమనేది.

"చెల్లే, మా ఆయన పేరు కొందరట, మీ ఆయన పేరు గూడ కొందరేనట," అని పుష్పలతక్క కడుపు పట్టుకుని నవ్వేది.

నేను మాక్లూర్ పిల్లను. పెళ్ళయ్యేదాకా ఈ ఆట చూసి ఎరగను. మా ఆయన బర్రె దగ్గర కూర్చుని పాలు పిండుతూ, "ఎంతయ్యింది? బంతి ఎవలి దగ్గరున్నది?" అని అడిగేవాడు. ఫోన్ పట్టుకుని నేను చెప్పాలి. అట్లా చెప్పీ చెప్పీ నాకు ఆట పట్టుబడింది. మా ఆయనకు ఓక్లహోమా జట్టు, అందులో షే అనే సన్నటి ఆటగాడు. బావకు డెన్వర్ జట్టు, అందులో జోకిచ్ అనే బొద్దు మనిషి. ఆ ఏడు లీగు మొత్తంలో ఉత్తమ ఆటగాడి అవార్డు ఈ ఇద్దరిలో ఒకరికని దునియా అంతా అనుకుంటోంది. మా ఇంట్లో మాత్రం అది జోకిచ్‌కూ షేకూ నడుమ పంచాయతీలా లేదు.

ఏప్రిల్‌లో లీగు మ్యాచ్‌లు అయిపోయాయి, ఇక నాకౌట్ పోటీలు మిగిలాయి. ప్రతి ఏడూ అప్పుడు గ్రూపువాళ్ళు ఒకచోట కూర్చుని తమ ఓటు తాము వేసుకుంటారు. గ్రూపు ఎన్నుకున్నవాడికి అసలు అవార్డు వస్తే సరే. రాకపోతే అతనికి ఓటేసినవాళ్ళు మిగతా అందరికీ మటన్ పెట్టాలి. ఎప్పుడూ కాలేజీ గ్రౌండ్‌లో కూర్చునేవాళ్ళు. ఆ ఏడు శివకుమార్ సార్, "మీ వాకిట్లనే పెడుదాం," అన్నాడు. ఎందుకన్నాడో నాకు తర్వాత అర్థమైంది. గ్రౌండ్‌లో పెడితే ఇద్దరిలో ఒకరు రారు. ఇక్కడైతే ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చోవచ్చు.

ఆదివారం పొద్దున పదిమంది దాకా వచ్చారు. వాకిట్లో చాపలు పరిచాం. సార్ నడుమ కుర్చీ వేసుకున్నాడు. ఆ అరుగు మీద బావ, ఈ అరుగు మీద మా ఆయన.

"సార్, నేనొకటి అడుగుత," అన్నాడు మా ఆయన. "లీగుల అందరికన్న ఎక్కువ పాయింట్లు ఎవలు కొట్టిన్రు? అందరికన్న ఎక్కువ మ్యాచులు గెలిచిన జట్టు ఎవలది? రెండింటికి జవాబు ఒక్కటే అయితున్నప్పుడు ఇంక లొల్లెందుకు?"

బావ సార్ వైపే చూస్తూ అన్నాడు. "సార్, గాయనకు జర చెప్పుర్రి. పాయింట్లు కొట్టుడు ఒక్కటే ఆట కాదు. బోర్డు కింద బంతులు వట్టుడు, పాసులిచ్చుడు, పాయింట్లు కొట్టుడు, మూడింటిల సీజన్ మొత్తం సగటున పది మీదికున్నడు జోకిచ్. గంత పొడుగు మనిషి గిట్ల ఎన్నడన్న చేసిండా?"

"మూడుసార్లు ఇచ్చిన్రు గద సార్ ఇదివరకే. ఇంకెన్నిసార్లు ఇయ్యాలె?"

"మంచిగ ఆడితే పదిసార్లు ఇయ్యాలె. మూడుసార్లు తిన్నమని నాలుగోనాడు ఉపాసముంటమా, అడుగుర్రి సార్."

"మరి షే ఏం చేసిండని?"

"చెయ్యి తాకకముందే కింద పడుతడు. రెఫరీ పిలుస్తడు. నిలబడి ఫ్రీగ బంతులేసుకుంటడు."

మా ఆయన లేచి నిలబడ్డాడు. "సార్, పడుడు గాదది. అడ్డమొచ్చేటోళ్ళను దాటుకుంట పోతుంటే తాకుతరు. ఉరికేటోనికి తెలుస్తది. బోర్డు కింద నిలబడేటోనికేం తెలుస్తది?"

సార్ దగ్గాడు. మొబైల్ షాపు మహేష్ మాట మార్చడానికి, "జట్టులకు ఇజ్జత్ ఏడున్నది సార్? నడి సీజన్ల లూకాను డల్లాస్ జట్టోళ్ళు వేరే జట్టుకు ఇచ్చేసిరి. సొంతోడు అనుకున్నోణ్ణి ఒక్క రాత్రిల పరాయోణ్ణి చేసిరి," అన్నాడు.

చాపల పక్కన కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న అత్త తలెత్తింది. "ఎవల్ని బిడ్డా? సొంతోణ్ణి ఎందుకు పంపిన్రు?"

"ఆటగాణ్ణి అవ్వా," అన్నాడు మహేష్.

"వాని అవ్వ ఎంత ఏడ్చిందో," అంది అత్త. మళ్ళీ పిక్కల మీదికి వంగింది.

ఓట్లు వేశారు. మహేష్ ఎప్పటిలాగే యానిస్ అనే ఇంకో ఆటగాడికి వేశాడు. అతను ప్రతి ఏడూ అతనికే వేస్తాడు. మిగతావాళ్ళు సరిగ్గా సగం సగం. తేల్చాల్సింది సార్, కానీ ఆయన చేతులెత్తేశాడు. "నేను రెఫరీని. నాకు ఓటు లేదు." అటూ ఇటూ చూసి పుష్పలతక్కను అడిగాడు.

"నాకు ఎమ్మెల్యే ఎలక్షన్లనే ఓటున్నది సార్," అని అక్క లోపలికి పోయింది.

"మరి భాగ్యమ్మా నువ్వు? సీజన్ మొత్తం చూసినవ్ గదా."

అందరూ నా వైపు తిరిగారు. చాయ్ గ్లాసుల పళ్ళెం చేతిలో ఉంది. మా ఆయన అప్పటికే గెలిచినట్టు మీసం మీద చెయ్యి వేశాడు. బావ చూపు దించుకున్నాడు. తను ఓడిపోయినట్టే అనుకున్నాడేమో, చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాడు.

నాకు ఒక అభిప్రాయం ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే.

"జోకిచ్," అన్నాను.

"ఆఁ?" అన్నాడు మా ఆయన.

"షే మంచిగ ఆడుతడు సార్. కాదనను. కాని ఆ బొద్దాయన ఆడుతుంటే పక్కనున్న నలుగురు గూడ మంచిగ ఆడుతరు. ఆయన పోయి కూసున్నంక అదే నలుగురు తప్పిపోయినోళ్ళ లెక్క తిరుగుతరు. నాకైతే గట్ల కనపడ్డది."

సార్ చప్పట్లు కొట్టాడు. అటువైపు వాళ్ళు ఈలలు వేశారు. బావ చెప్పులు మళ్ళీ విడిచి కూర్చున్నాడు. ఆయన మొహం నిండా నవ్వు. అది ఎటు చూపించాలో తెలియక చాయ్ గ్లాసులోకి చూసుకున్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటల్లేనివాళ్ళు ఇంకో జత పెరిగారు.

పూర్తిగా బందు కాలేదు. "ఉప్పు తక్కువైంది", "కరెంటు పోయింది" వరకు ఉండేవి. మ్యాచ్ మాట మాత్రం లేదు. పాలు పిండేటప్పుడు ఫోన్ నా చేతికి ఇవ్వకుండా దూడ కట్టుగొయ్యకు ఆనించి పెట్టుకునేవాడు. రెండో రోజే బర్రె నాకింది. స్క్రీను మీద బర్రె నాలుక జాడల్లోంచి మ్యాచ్ చూశాడు గానీ నన్ను పిలవలేదు. నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. నా ఓటు నేను వేస్తే ఆయనకేం పోయింది? వారం దాటాక కొంచెం బాధ కూడా వేసింది. పొద్దున ఆ గంటసేపు ఇద్దరం కలిసి ఒకదాని కోసం ఆరాటపడేవాళ్ళం. అది లేకపోతే పొద్దు వట్టి పనిగా మిగిలింది.

అక్కతో చెప్పుకుంటే, "మూడేండ్లు సూస్తున్న నేను. వీళ్ళకు అలుగుడు వస్తది, మానుడు రాదు. ఎవలన్న నేర్పితే బాగుండు," అంది.

మే వచ్చింది. నీళ్ల వంతుల గొడవతో ఆ యాసంగి మా నాట్లు ఆలస్యమయ్యాయి, కోతలూ ఆలస్యమే. ఊళ్ళో అందరి వడ్లూ పోయాక మావి కల్లంలో మిగిలాయి. వడ్లు కొనే సెంటర్‌లో కాంటా తూకానికి ఇంకా మా వంతు రాలేదు. ఇటు మా కుప్ప, అటు బావ వాళ్ళ కుప్ప, నడుమ బండి పట్టేంత దారి. పగలు ఆరబోయడం, సాయంత్రం కుప్ప చేసి కప్పడం. ఈలోగా అమెరికాలో అనుకున్నట్టే డెన్వర్, ఓక్లహోమా ఎదురుపడ్డాయి. ఏడు మ్యాచ్‌ల్లో నాలుగు ఎవరు గెలిస్తే వాళ్ళు ముందుకు.

ఆరో మ్యాచ్ నాడు తెల్లారి చూస్తే ఆకాశం పడమర వైపు నల్లగా ఉంది. గాలి ఆడటం లేదు. డెన్వర్ ఓడితే ఇంటికే. బావ అరుగు మీద నిలబడే చూస్తున్నాడు. మా ఆయన కూర్చుని చూస్తున్నాడు. నేను వాకిలి ఊడుస్తూ చెవులతో చూస్తున్నాను.

మూడో భాగం నడుస్తుండగా గాలి లేచింది. ఒక్కసారే. రోడ్డు మీది దుమ్మంతా వచ్చి వాకిట్లో పడింది. వెనక కల్లంలో టార్పాలిన్ ఫటఫటమని కొట్టుకుంటోంది.

"వడ్లు!" అని అత్త అరిచింది.

నలుగురం ఉరికాం. మా కుప్ప కొంచెం పల్లంలో ఉంది, దాని మీది కవరు కదల్లేదు. బావ వాళ్ళ కుప్ప గాలికి ఎదురుగా ఉంది. ఒక పక్క రాళ్ళు దొర్లిపోయి టార్పాలిన్ గొడుగులా పైకి లేచింది. బావ ఒక కొస మీద పడుకున్నంత పని చేసి ఆపుతున్నాడు. ఇంకో కొస గాలికి అందితే కవరంతా కొట్టుకుపోయేట్టుంది. అక్క దాన్ని పట్టుకోబోతే చేతిలోంచి జారిపోయింది. పెద్ద చినుకులు మొదలయ్యాయి.

మా ఆయన మా కుప్ప దగ్గర నిలబడ్డాడు. అటు చూస్తున్నాడు.

"భానూ! తాడు వట్టు!" అని బావ అరిచాడు. కవరుకు కట్టిన తాడు ఉండలా చుట్టి, కుప్ప మీంచి విసిరాడు.

మా ఆయన ఉరికి, గాల్లోనే అందుకున్నాడు.

బావ అటు లాగితే ఈయన ఇటు వంగాడు. ఈయన గుంజకు తాడు చుట్టేలోపు బావ రాయి దొర్లించుకుని వచ్చాడు. మా కుప్ప మీద మిగిలిన చిన్న కవరు మా ఆయన తెచ్చి పైన వేశాడు. అక్కా నేనూ ఇసుక సంచులు ఈడ్చాం. ఎవరు ఎక్కడ నిలబడాలో ఎవరూ అడగలేదు. వీళ్ళు ఆడేటప్పుడు నేను చూడలేదు గానీ, ఆడితే ఇట్లాగే ఆడి ఉంటారు అనిపించింది.

ఒక మూల పిడికెడు వడ్లు తడిశాయి. మిగతా కుప్ప నిలిచింది.

నీళ్ళు కారుతూ ఇంటి ముందుకొచ్చాం. అరుగు మీద పెట్టి ఉరికిన బావ ఫోన్ వానలో తడిసి చీకటైపోయింది. రెండుసార్లు దులిపాడు, తువ్వాలతో తుడిచాడు. వెలగలేదు. మా ఆయన ఫోన్ లోపలి దర్వాజ దగ్గర ఉండి బతికింది. ఆయన దాన్ని తీసుకుని మా అరుగు మీద కూర్చున్నాడు. మ్యాచ్ ఇంకా నడుస్తోంది.

బావ వాకిట్లోనే నిలబడ్డాడు, వానలో.

"ఎంత?" అన్నాడు కాసేపటికి.

మా ఆయన తల ఎత్తలేదు. ఫోన్ మాత్రం కొంచెం అటు తిప్పాడు. "మీయోళ్ళే ముందున్నరు."

బావ మెట్లెక్కి వచ్చాడు. "జర జరుగు," అన్నాడు.

మా ఆయన జరిగాడు.

నేను దర్వాజ వెనక నుంచి కదల్లేదు. అక్క వాళ్ళ అరుగు మీద తల తుడుచుకుంటున్న చెయ్యి అట్లాగే ఆపేసింది. ఇద్దరి మోకాళ్ళ మీద ఒకే ఫోన్. బంతి ఇద్దరికీ ఒకేసారి పడింది.

"తాకలే! సూడు, తాకకముందే పడ్డడు!" అన్నాడు బావ.

"తాకింది. మోచెయ్యి తాకింది. నీకు సూపు తగ్గింది," అన్నాడు మా ఆయన.

చెరో పొడి తువ్వాల తెచ్చి ఇచ్చాను. బావ తీసుకుంటూ నా మొహం చూశాడు, మళ్ళీ ఫోన్ వైపు తిరిగాడు. "నాతోని మాట్లాడకుంటే మాట్లాడకపోతివి," అన్నాడు తమ్ముడితో. "ఆమెతోనెందుకు బందు పెట్టినవ్? ఆమె ఓటు ఆమె ఏసింది."

మా ఆయన తువ్వాలలో మొహం పెట్టి చాలాసేపు తుడుచుకున్నాడు.

"భాగ్యా," అన్నాడు ఆ తర్వాత. "చాయ్ పెట్టు. పెట్టి నువ్వు గూడ రా. ఇంక కొంచమే ఉన్నది."

ఆ మ్యాచ్ డెన్వర్ గెలిచింది. ఏడోది చిత్తుగా ఓడింది. బావ ఆ రోజు అన్నం సగమే తిన్నాడు. ఎక్కడ తిన్నాడంటే మా ఇంట్లో.

తర్వాత కొన్నాళ్ళకు అవార్డు చెప్పారు. షేకు వచ్చింది.

మా ఆయన వాకిట్లో పటాకులు కాల్చాడు. మా అత్త భయపడి, ఎవరి పెళ్ళని అడిగింది. నియమం ప్రకారం జోకిచ్‌కు ఓటేసినవాళ్ళం మటన్ పెట్టాలి. ఆ లెక్కన మా ఇంట్లో మా ఆయన గెలిచాడు, నేను ఓడాను. బావా నేనూ కలిసి వంట చేశాం. బావ ఉల్లిగడ్డలు కోశాడు, నేను మసాలా నూరాను, అక్క జొన్నరొట్టెలు కొట్టింది. మా ఆయన కుర్చీలో కూర్చుని, "కారం సరిపోయిందా? ముక్క ఉడికిందా?" అని పెళ్ళికొడుకు తండ్రిలా అడుగుతున్నాడు.

"అవార్డు ఓట్లు ఎప్పుడో పడ్డయి," అన్నాడు బావ కళ్ళు తుడుచుకుంటూ. ఉల్లిగడ్డల ఘాటు. "అప్పటికే మూడుసార్లు ఇచ్చినం గదా అని ఇయ్యలే. ఆటను సూసి కాదు."

"ఓడినోళ్ళు అందరు గిట్లనే అంటరు."

"మరి వచ్చే ఏడు?"

"వచ్చే ఏడు గూడ షేనే."

"రాసియ్యి."

శివకుమార్ సార్ అందరికంటే ముందొచ్చి అందరికంటే చివర పోయాడు. పోతూ పోతూ నన్ను పిలిచి, "నీ ఓటు ఓడిపోయింది గదమ్మా, బాధున్నదా?" అని అడిగాడు.

"లేదు సార్. మల్ల అడిగితే మల్ల గదే ఏస్త," అన్నాను.

ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "గ్రూపుల నీ నంబరు ఎక్కిస్త," అన్నాడు. ఆ సాయంత్రమే ఎక్కించాడు. ఇప్పుడు అందులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మా ఆయన రాసినదానికి నేనే ఎక్కువ ఎదురు రాస్తాను. పక్కనే కూర్చుని రాస్తాను.

జూన్‌లో మొదటి వానలు పడ్డాయి. వానాకాలం నాట్లకు రుద్రూర్ రీసెర్చ్ స్టేషన్‌లో కొత్త వరి విత్తనం ఇస్తున్నారని తెలిసింది. అన్నదమ్ములిద్దరూ ఒకే బండి మీద పొద్దున్నే బయల్దేరారు. బావ నడుపుతున్నాడు, మా ఆయన వెనక కూర్చున్నాడు. మలుపు తిరిగేదాకా మా ఆయన చెయ్యి గాల్లో ఆడిస్తూ ఏదో చెబుతూనే ఉన్నాడు. అవార్డు షేకే రావాల్సింది ఎందుకో, మళ్ళీ మొదటినుంచి.

పగటి అన్నం వేళకు వస్తారనుకుంటే రాలేదు. పొద్దు వాలుతుండగా బండి చప్పుడైంది. ఇద్దరూ దిగారు. సంచులు ఖాళీగా ఉన్నాయి.

"విత్తనాలేవి?" అని అడిగింది అత్త.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ముచ్చట వెట్టుకుంట పోయినం అవ్వా," అన్నాడు బావ. "రుద్రూర్ ఎప్పుడు దాటిపోయిందో తెల్వలే. వర్ని దాకా పోయినం."

"ఆడ హోటల్ల చాయ్ తాగుకుంట గూడ గదే లొల్లి," అన్నాడు మా ఆయన. "వాపస్ వచ్చేవరకు స్టేషన్‌ల విత్తనం ఇచ్చుడు బందు చేసిన్రు. రేపు మల్ల పోవాలె."

అక్కా నేనూ తిట్లు మొదలవుతాయని ఎదురుచూశాం. విత్తనం విషయంలో అత్త ఊరుకునే మనిషి కాదు. ఆమె మాత్రం చాలాసేపు ఇద్దరినీ చూసింది. చేయి చాచి బావ భుజం మీది దుమ్ము దులిపింది. తర్వాత మా ఆయనది.

"పోర్రి బిడ్డా," అంది. "రేపు గూడ దాటిపోతే పోర్రి."